చిన్న స్వచ్ఛంద సంస్థలకు కన్సల్టెంటుగా పనిచేయాలని ఉంది, రుసుము తీసుకోవచ్చా?

ఖాతాపుస్తకం (ఒంగోలు)

అందరికీ నమస్కారం. ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో పనిచేసి మొన్న మార్చిలో పదవీ విరమణ చేశాను. అందులో పదకొండేళ్లు నెల్లూరు, కావలి, సింగరాయకొండ వైపే గడిచాయి. పొదుపు సంఘాల మహిళలు, ఊళ్లో గ్రంథాలయం పెట్టుకున్న కుర్రవాళ్లు, వికలాంగుల సంఘంవాళ్లు కౌంటరు దగ్గరకు వచ్చి "సార్, అధ్యక్షుడు మారాడు, సంతకం మార్చాలి, ఏ కాగితాలు కావాలి?" అని అడిగేవారు. వెనక వరుసలో ఇరవై మంది నిలబడి ఉండేవారు. నేను ఒక చీటీ మీద నాలుగు కాగితాల పేర్లు రాసి ఇచ్చి పంపేవాణ్ని. వాళ్లలో సగం మంది మళ్లీ వచ్చేవారు కాదు. ఆ చీటీలు ఇప్పటికీ మనసులో ఉన్నాయి.

ఇప్పుడు తీరిక ఉంది. లెక్కలు, తీర్మానాలు, రిజిస్ట్రేషన్, దరఖాస్తులు ఇలాంటి పనుల్లో చిన్న సంస్థలకు తోడుగా ఉందామని ఆలోచన. మా అబ్బాయి కన్సల్టెన్సీ అని బోర్డు పెట్టమంటున్నాడు. మా ఆవిడేమో సేవ చేసేవాళ్ల దగ్గర డబ్బు తీసుకుంటే పుణ్యం మాట దేవుడెరుగు, పాపం చుట్టుకుంటుంది అంటోంది. మీరేమంటారు? ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో ఈ పని అవసరం నిజంగా ఉందా?

పెన్నగట్టు (నెల్లూరు)

ఉందా అని అడుగుతున్నారా? మా కథ వినండి.

ముత్తుకూరు దారిలో యానాది పిల్లలకు సాయంత్రం బడి నడుపుతున్నాం. ఏడుగురం కలిసి 2019లో సొసైటీ రిజిస్టర్ చేయించాం. 2021లో ఒక కన్సల్టెంట్ వచ్చి సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చే 12ఏ, దాతలకు పన్ను మినహాయింపు ఇచ్చే 80జీ రెండూ తెప్పిస్తానని 35 వేలు తీసుకున్నాడు. తెప్పించాడు కూడా, ఆ మాట కాదనను. రంగు ప్రింటు తీసి, లామినేషన్ చేయించి ఇచ్చాడు. మేము గోడకు తగిలించుకున్నాం, పక్కనే అబ్దుల్ కలాం గారి ఫోటో.

అది తాత్కాలిక రిజిస్ట్రేషన్ అని, మూడేళ్లే చెల్లుతుందని, గడువు తీరక ముందే మరో దరఖాస్తు పెట్టి పూర్తి స్థాయి రిజిస్ట్రేషన్‌కు మార్చుకోవాలని మాకు తెలియదు. ఆదాయపు పన్ను పోర్టల్లో సంస్థ ఖాతాకు ఇచ్చిన ఫోను నంబరు ఆయనది, ఈమెయిలు ఆయనది, పాస్‌వర్డ్ ఆయన దగ్గరే. శాఖ నుంచి ఏ కబురు వచ్చినా ఆయనకే వెళ్లింది. ఆయన బెంగళూరుకు మకాం మార్చాడు, నంబరు మార్చాడు. పోయిన ఏడాది ఒక దాత రెండు లక్షలు ఇస్తానని ముందుకు వచ్చి, వాళ్ల ఆడిటర్‌తో మా కాగితాలు చూపించుకున్నాడు. ఆ ఆడిటర్ ఒక్క నిమిషంలో చెప్పేశాడు, ఇది 2024 మార్చితోనే ముగిసిపోయిందని. గోడ మీద మాత్రం ఇంకా మెరుస్తూనే ఉంది.

పిల్లలకు సాయంత్రం పెట్టే గుగ్గిళ్లు రెండు నెలలు మానేశాం. ఆ కన్సల్టెంట్ పేరు (...)

వేదిక నిర్వాహకుడు

పెన్నగట్టు గారూ, వ్యక్తి పేరు తొలగించాను. మిగతాది యథాతథంగా ఉంచాను.

పెన్నగట్టు (నెల్లూరు)

సరే. ఆయన చదివితే ఎవరి గురించో ఆయనకు తెలుస్తుంది.

లెక్కల పంతులు (ఆడిటర్, నెల్లూరు)

పెన్నగట్టు గారూ, దారి మూసుకుపోలేదు. ఆలస్యానికి తగిన కారణం చూపితే ఆదాయపు పన్ను కమిషనర్ మన్నించి దరఖాస్తు స్వీకరించే అధికారం 2024 అక్టోబరు 1 నుంచి చట్టంలో ఉంది. అంతకు ముందు గడువు దాటితే ట్రిబ్యునల్ దాకా తిరగవలసి వచ్చేది. ముందు పోర్టల్లో సంస్థ వివరాలు మీ పేరు మీదకు మార్పించండి. ఆ తర్వాత మీరు నడిపిన బడి ఫోటోలు, హాజరు పట్టీలు, మూడేళ్ల ఆడిట్ లెక్కలు, ఆ కన్సల్టెంటుకు డబ్బు కట్టిన రసీదు, ఆయనతో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాలు జోడించి ఆలస్యానికి కారణం వివరంగా రాయండి. వాయిదా వేయకండి. రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు దరఖాస్తు చేయని సంస్థ ఆస్తుల మీద కూడా పన్ను వేసే నిబంధన 2023 నుంచి వచ్చింది. మీకు ఆస్తులు పెద్దగా లేకపోవచ్చు, కానీ ఎవరైనా స్థలం దానమిచ్చి ఉంటే చిక్కే.

ఇంకో సంగతి. ఏటా మే 31 లోపు దాతల వివరాలతో 10బీడీ పట్టిక దాఖలు చేయాలి. అది చేస్తేనే దాతకు ధ్రువపత్రం వస్తుంది. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయలు. చిన్న సంస్థలకు ఈ 200 ఎంత పెద్దదో నాకు తెలుసు, నా ముందే కూర్చుని ఏడ్చినవాళ్లు ఉన్నారు. నగదుగా ఇచ్చే విరాళం 2,000 దాటితే దాతకు 80జీ మినహాయింపు రాదు, ఈ మాట రసీదు పుస్తకం మీద అచ్చు వేయించుకోండి.

మంచి కబురు కూడా ఒకటుంది. ముందు రెండేళ్లలో ఏ ఏడాదీ ఆదాయం 5 కోట్లు దాటని సంస్థలకు ఆ పూర్తి స్థాయి రిజిస్ట్రేషన్ ఐదేళ్లకు బదులు పదేళ్లు చెల్లేలా 2025 బడ్జెట్‌లో మార్చారు. మన జిల్లాల్లో నూటికి తొంభై తొమ్మిది దీని కిందకే వస్తాయి. ఇక 1961 ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1 కాబట్టి అప్పటి నుంచి సెక్షన్ల నంబర్లు, ఫారాల నంబర్లు వేరు. పాత నంబర్లు బట్టీ పట్టి కన్సల్టెన్సీ చేసేవాళ్ల దగ్గర జాగ్రత్త.

సముద్రపు గాలి (కొత్తపట్నం)

ఖాతాపుస్తకం గారూ, ఏమీ అనుకోవద్దు. కన్సల్టెంట్ అంటే మా వైపు ఇంకో పేరు దళారీ. రొయ్యల చెరువుల దగ్గర చూశాం, పొగాకు దగ్గర చూశాం, ఇప్పుడు సేవలో చూస్తున్నాం.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు నాకు పదిహేడేళ్లు. ఆ తర్వాత ఏడాదిపాటు మా తీరంలో జీపులు తిరగని రోజు లేదు. ఒకరి తర్వాత ఒకరు దిగడం, అవే ప్రశ్నలు అడగడం, అవే ఫోటోలు తీయడం. మా పెద్దమ్మ ఇంటికి వంటపాత్రల కట్టలు నాలుగు వచ్చాయి. పక్కింటి ముసలాయనకు ఒక్కటీ రాలేదు, ఆయన పేరు మొదటి జాబితాలో తప్పిపోయింది, తర్వాత వచ్చినవాళ్లంతా ఆ మొదటి జాబితానే నకలు చేసుకున్నారు. ఆ జాబితా తయారుచేసింది ఒక కన్సల్టెంటే. అందంగా టైపు చేశాడు.

ఉదయగిరి కోట

సముద్రపు గాలి గారి మాటలో నిజం ఉంది. నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ని. 1990లలో అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బళ్లు నడిపాం. ఆ బళ్లలో కూర్చున్న ఆడవాళ్లే 1992లో దూబగుంటలో సారా కొట్టు మూయించారు. ఆ పోరాటానికి ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ గారికి ఎవరు సలహా ఇచ్చారు? ఏ ప్రాజెక్టు రిపోర్టు రాశారు? 1993 అక్టోబరులో ప్రభుత్వమే దిగివచ్చి సారా నిషేధించింది. గాంధీజీ 1921లో నెల్లూరు దగ్గర పల్లిపాడు ఆశ్రమం ప్రారంభించిననాడు 80జీ ఉందా? ఈ ఫారాలన్నీ వచ్చాక సేవ తగ్గి కాగితం పెరిగింది.

రాగిచెంబు (కావలి)

మాస్టారూ, మీరంటే గౌరవం ఉంది, మా అన్నయ్య మీ వైపు రాత్రి బడిలోనే చదువుకున్నాడు. కానీ ఆ కథ సారా కొట్టు దగ్గర ఆపేయకండి. సారా ఆగాక ఇంట్లో మిగిలిన రూపాయి ఎక్కడికి వెళ్లింది? పొదుపు సంఘంలోకి వెళ్లింది. ఆ రూపాయిలకు లెక్క ఎవరు రాశారు? నాలాంటివాళ్లం. ఇంటర్ పూర్తిచేసి ఖాళీగా ఉంటే మండలంలో పిలిచి మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. పద్దెనిమిది సంఘాలకు పుస్తకాలు రాశాను. సంఘానికి నెలకు ఇంత అని ఇచ్చేవారు. కొన్ని నెలలు ఇచ్చేవారు కాదు, బదులు నిమ్మకాయలు ఇచ్చేవారు. ఇక గాంధీజీ సంగతి, ఆయన అణా పైసల లెక్క దగ్గర ఎంత కఠినమో మీరే మాకు చెప్పాలి.

ఖాతాపుస్తకం గారూ, రుసుము తీసుకోండి. ఉచితంగా చేసేవాళ్లను "ఇప్పుడే రండి" అని నిలదీసి అడగలేం. డబ్బు ఇస్తే అడగగలం. అయితే ఒక్క షరతు, పుస్తకం మీరు రాయవద్దు. నేను చేసిన పెద్ద తప్పు అదే. పద్దెనిమిది సంఘాల పుస్తకాలు నేనే రాశాను, అందంగా రాశాను, ఎర్ర సిరాతో గీతలు కొట్టాను. నాకు పెళ్లై కావలి వచ్చేశాక ఆరు నెలల్లో పన్నెండు సంఘాల పుస్తకాలు ఆగిపోయాయి. ఎవరికీ రాయడం రాదు. నేను రానివ్వలేదు కదా.

మినిట్స్ బుక్కు గురించి కూడా చెప్పాలి. ఎక్కడికి వెళ్లినా మొదట అది అడిగి చూడండి. తీర్మానానికీ సంతకాలకూ మధ్య నాలుగైదు వరుసలు ఖాళీగా ఉంటే ఏదో జరుగుతున్నట్టే. "తర్వాత అవసరమైతే రాసుకోవడానికి" అంటారు. ఆ ఖాళీలోనే ఒక సంఘంవాళ్ల స్థలం చేతులు మారింది, నేను కళ్లారా చూశాను. నిండు ముఖంతో, బొట్టు పెట్టుకుని వచ్చి వేలిముద్ర వేసిన పెద్దావిడకు తాను దేనికి వేలిముద్ర వేసిందో రెండేళ్ల తర్వాత తెలిసింది.

ఉదయగిరి కోట

అమ్మా, నిమ్మకాయల మాటతో నన్ను ఓడించావు. లెక్కలు వద్దని నా ఉద్దేశం కాదు. కాగితం కోసం సంస్థ నడుస్తోందేమో అన్నది నా బాధ.

గ్రానైటు గుండె (చీమకుర్తి)

నేను సోషల్ వర్క్‌లో పీజీ చేశాను, 26 ఏళ్లు. ఒక ప్రశ్న. కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధులు తెచ్చిపెడితే పది శాతం ఇస్తామని రెండు సంస్థలు నన్ను అడిగాయి. మా దగ్గర గ్రానైటు కంపెనీలు ఉన్నాయి, కృష్ణపట్నం వైపు ఓడరేవు, విద్యుత్ కేంద్రాలు ఉన్నాయి. వాళ్లు ఖర్చు పెట్టక తప్పదు కదా. పది శాతం తీసుకోవడంలో తప్పేముంది? ఇళ్ల స్థలాల బ్రోకర్ రెండు శాతం తీసుకుంటే ఎవరూ ఏమీ అనరు.

లెక్కల పంతులు (ఆడిటర్, నెల్లూరు)

తప్పు ఎక్కడుందో లెక్కలోకి దిగితే కనిపిస్తుంది. కంపెనీ 20 లక్షలు ఇచ్చింది అనుకోండి, నీటి శుద్ధి యంత్రాలకు. బడ్జెట్‌లో "నిధులు తెచ్చినవారికి రెండు లక్షలు" అనే వరుస ఉంటుందా? ఉండదు. కంపెనీ ఒప్పుకోదు. మరి ఆ రెండు లక్షలు ఏ ఓచరు మీద బయటకు రావాలి? ఇసుక మీద, సిమెంటు మీద, రవాణా మీద. అంటే మీ కమిషన్ కోసం ఆ సంస్థ కోశాధికారి రెండు లక్షలకు దొంగ ఓచర్లు రాయాలి. సంతకం ఆయనది, జైలుకు వెళ్లేదీ ఆయనే. మీరు మాత్రం చీమకుర్తిలో హాయిగా ఉంటారు.

మీ శ్రమకు విలువ కట్టండి. దరఖాస్తు రాయడానికి పదిహేను రోజులు పడితే పదిహేను రోజుల రుసుము ముందే చెప్పండి, డబ్బు వచ్చినా రాకపోయినా అదే. బిల్లు ఇవ్వండి. సంస్థ పన్ను కోయవలసి ఉంటే కోసి చెక్కు ఇస్తుంది. రాత్రి నిద్ర పడుతుంది.

అన్ని కంపెనీలూ ఖర్చు పెట్టక తప్పదన్నది కూడా సరికాదు. నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏదో ఒకటి చేరిన, లేదా దాటిన కంపెనీకే ఈ బాధ్యత. అప్పుడు గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం. చీమకుర్తిలో బోర్డు ఉన్న ప్రతి క్వారీ ఈ లెక్కలోకి రాదు. డబ్బు అందుకునే సంస్థకు 12ఏ, 80జీ, మూడేళ్ల పని అనుభవం ఉండాలి, సీఎస్ఆర్-1 ఫారంతో కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర నమోదు కావాలి. మిమ్మల్ని అడిగిన రెండు సంస్థలకు ఇవి ఉన్నాయా? ముందు అది చూడండి.

గ్రానైటు గుండె (చీమకుర్తి)

ఒకదానికి లేదు. రెండోది చూపించలేదు. పంతులు గారూ, ఓచర్ల సంగతి నేను అసలు ఆలోచించలేదు. ఇంకొక్కటి. పాలనా ఖర్చులకు ఐదు శాతమే ఇస్తామని ఒక కంపెనీ అధికారి అన్నారు. నిబంధనే అంత అన్నారు. అంటే జీతాలు ఎలా ఇస్తారు?

లెక్కల పంతులు (ఆడిటర్, నెల్లూరు)

ఇది చాలామంది చేసే పొరపాటు. ఐదు శాతం పరిమితి కంపెనీ సొంత పాలనా ఖర్చుకు, అంటే వాళ్ల ఆఫీసులో ఆ విభాగం నడిపే ఖర్చుకు. పని చేసే సంస్థ నిర్వహణ ఖర్చు ఆ ఐదులోకి రాదని మంత్రిత్వ శాఖే 2021లో వివరణ ఇచ్చింది. ఆ పేజీ ప్రింటు తీసుకుని, మర్యాదగా, రెండోసారి వెళ్లి చూపించండి. కన్సల్టెంట్ పని అంటే ఇదీ. ఈ ఒక్క కాగితం చూపించినందుకు మీకు రోజు రుసుము ఇచ్చినా దండగ కాదు.

విదేశీ నిధుల సంగతి వేరు. విదేశీ విరాళాల చట్టానికి 2020లో జరిగిన సవరణ తర్వాత అక్కడ పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు, ఒక సంస్థ తీసుకున్న డబ్బు మరో సంస్థకు బదిలీ చేయకూడదు, ఖాతా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోనే తెరవాలి. మన వైపు పెద్ద సంస్థల నుంచి డబ్బు అందుకుని ఊళ్లలో పనిచేసిన చిన్న సంఘాలు ఆ దెబ్బతో చాలా చితికిపోయాయి. చిన్నవాళ్లకు విదేశీ నిధులు తెప్పిస్తానని ఎవరైనా వస్తే మంచినీళ్లు ఇచ్చి పంపించేయండి.

సముద్రపు గాలి (కొత్తపట్నం)

పంతులు గారిలాంటి కన్సల్టెంట్ అయితే నా దళారీ మాట వెనక్కి తీసుకుంటాను. సగం వెనక్కి.

పెన్నగట్టు (నెల్లూరు)

పంతులు గారు చెప్పినట్టు ఫోను నంబరు, ఈమెయిలు మార్పించాం. అందరూ గుర్తుంచుకోవలసింది ఇది: ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తే సంస్థ వాళ్లదే. ఇప్పుడు బడి పేరు మీద ఒక చిన్న ఫోను కొన్నాం, 1,400 రూపాయలది. బీరువాలోనే ఉంటుంది. సిమ్ముకు రీచార్జి చేయడం మర్చిపోతే మళ్లీ కథ మొదటికొస్తుంది కాబట్టి బీరువా తలుపు మీద తారీఖు రాసిపెట్టాం. ఆలస్య మన్నింపు దరఖాస్తు వెళ్లింది. ఏమవుతుందో చూడాలి.

ఖాతాపుస్తకం (ఒంగోలు)

మూడు వారాలైంది, ఆలస్యానికి మన్నించండి. బోర్డు పెట్టలేదు. ముందు ఒకచోటికి వెళ్లి చూద్దామని సింగరాయకొండ దగ్గర చేపలమ్మే మహిళల సొసైటీకి వెళ్లాను. పేరు రాయను. ముప్పై ఒక్క మంది. అధ్యక్షురాలు కరోనా సమయంలో చనిపోయారు. అప్పటి నుంచి ఖాతాలో 86 వేలు అలాగే ఉండిపోయాయి, కొత్త సంతకానికి బ్యాంకు ఒప్పుకోలేదు. ఏ శాఖో అడగకండి. ఆ చీటీ నేనే రాసి ఉండవచ్చు.

బ్యాంకు అడిగింది తప్పు కాదు. 2001 సంఘాల నమోదు చట్టం ప్రకారం ఏటా సర్వసభ్య సమావేశం జరిగిన పదిహేను రోజుల్లో కార్యవర్గం జాబితా జిల్లా రిజిస్ట్రారుకు దాఖలు చేయాలి. వీళ్లు 2017 తర్వాత చేయలేదు. ఆ జాబితా లేకుండా కొత్త అధ్యక్షురాలు ఎవరో బ్యాంకుకు ఎలా తెలుస్తుంది? ఇంత చిన్న మాట వాళ్లకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. "రిజిస్ట్రారు దగ్గర కాగితం తీసుకురండి" అన్నారు, ఏ కాగితమో చెప్పలేదు.

కోశాధికారి లెక్కలన్నీ బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. మూత తీయగానే ఎండుచేపల వాసన. పొడుగు నోటు పుస్తకం ఒకటి, రబ్బరు బ్యాండు వేసిన చీటీలు. ఐదు వేలు దాటిన రసీదుల మీద రెవెన్యూ స్టాంపులు కూడా అంటించి ఉన్నాయి. చదువు రాని మనిషి అది ఎలా నేర్చుకుందని అడిగితే, "ముందు అధ్యక్షురాలు చెప్పింది, మానలేదు" అంది. మొత్తం కూడితే 340 రూపాయలు తేడా వచ్చింది. రెండు గంటలు వెతికాం. నేను కూడుతుంటే ఆవిడ నోటితో చెబుతూ ఉంది, ఏ నెలలో ఏం కొన్నారో. చివరికి ఆవిడే పట్టుకుంది. ఐస్ పెట్టెలు తెచ్చిన ఆటో కిరాయి రెండుసార్లు రాశారు, 340 చొప్పున. నేనైతే పట్టుకోలేకపోయేవాణ్ని, నాకు అది రెండు ఆటోలు అనే అనిపించింది.

రాగిచెంబు గారి మాట గుర్తుండి కలం ఆవిడ చేతికే ఇచ్చాను. అంకెలు రాయగలదు. అక్షరాల బదులు చిన్న బొమ్మలు వేస్తుంది, ఐసుకు ఒక గడి, ఆటోకు మూడు సున్నాలు. ఆ బొమ్మలు అలాగే ఉంచాం. పక్కన ఆవిడ మనవరాలు అక్షరాల్లో రాస్తుంది.

రుసుము సంగతి. రోజుకు 500 అన్నాను. వాళ్లలో వాళ్లు మాట్లాడుకుని 300 అన్నారు. బేరం ఆడారు, నాకు సంతోషం వేసింది. మా ఆవిడకు చెప్పాను. ఆ మూడు వందలు దేవుడి పటం ముందు పెట్టి ఇంతవరకు ముట్టుకోలేదు, నన్నూ ముట్టుకోనివ్వలేదు.

రాగిచెంబు (కావలి)

మూడు సున్నాల ఆటో! ఆ పుస్తకం ఒకసారి చూడాలని ఉంది సార్. సర్వసభ్య సమావేశం ఎప్పుడు? నోటీసు ఎన్ని రోజుల ముందు ఇవ్వాలో వాళ్ల బైలాలో (సంఘం నియమావళిలో) చూశారా? అది తప్పితే ఎవరైనా గిట్టనివాళ్లు తీర్మానాన్నే కొట్టివేయించవచ్చు.

ఖాతాపుస్తకం (ఒంగోలు)

చూశానమ్మా, పద్నాలుగు రోజులు. నోటీసు ఇంటింటికీ తిప్పి సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నారు. వచ్చే ఆదివారం పెట్టుకున్నారు, మధ్యాహ్నం రెండింటికి, బేరాలు అయ్యాక. మీరు కావలి నుంచి రైలెక్కితే సింగరాయకొండ స్టేషను దగ్గర నేను బండి మీద ఎక్కించుకుంటాను. మా ఆవిడ కూడా వస్తానంటోంది.

రాగిచెంబు (కావలి)

వస్తాను. ఎర్ర సిరా కలం మాత్రం తీసుకురాను.

సముద్రపు గాలి (కొత్తపట్నం)

నేనూ వస్తాను, అక్కడ మా మేనత్త ఉంది. సార్, సభ్యుల జాబితా ఒకసారి పాతదానితో సరిచూసుకోండి. ఎవరి పేరైనా తప్పిపోయిందేమో.